వ్యాధితో సహజీవనం – లూయీ బ్రెయిలీ జీవితం

మనిషికి వచ్చే వ్యాధులు రెండు విధాలు. కొన్ని చుట్టపుచూపుగా వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళిపోతాయి. మరికొన్ని వచ్చి ఇంట్లోనే కాపురం పెడతాయి. మొదటి రకానికి మందు, పథ్యం, విశ్రాంతి చాలు. రెండవ రకానికి వీటితోపాటు మరొకటి కావాలి. ఈ రోజు కూడా బాధ తప్పదని తెలిసి, తెల్లవారగానే లేచి ఆనాటి పనికి పూనుకొనే నిబ్బరం అది. ఉర్దూలో దానిని సబ్ర్ అంటారు, తెలుగులో ఓర్పు అంటాము. అయితే ఓర్పు అనగానే చేతులు కట్టుకొని కూర్చోవడమని మనలో పలువురు పొరబడుతుంటారు. ఓర్పునకు అసలైన అర్థమేమిటో ఒక ఉపాధ్యాయుని జీవితం నుండి గ్రహించవచ్చు. ఆయన పేరు లూయీ బ్రెయిలీ.

అంధుల లిపిని కనిపెట్టిన వ్యక్తిగా బ్రెయిలీ పేరు పాఠశాల బాలబాలికలకు కూడా సుపరిచితమే. ఆయన అంధుడన్న సంగతీ అందరికీ తెలుసు. కానీ ఇరవై ఆరేళ్ళ ప్రాయంలో క్షయవ్యాధి పాలై, ఆ వ్యాధితోనే సుమారు 16 సంవత్సరాలు పాఠాలు చెబుతూ, పుస్తకాలు రాస్తూ జీవించాడన్న విషయం చాలామందికి తెలియదు. అంధత్వం బాల్యంలోనే వచ్చింది. దానికి ఆయన ఒక దారి కనిపెట్టగలిగాడు. క్షయకు మాత్రం ఆ కాలంలో ఎవరి దగ్గరా దారి లేదు. ఆయన ధైర్యానికి నిజమైన పరీక్ష అక్కడే జరిగింది.

ఫ్రాన్సు దేశంలో, పారిస్ నగరానికి తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూవ్రే అనే చిన్న గ్రామం ఉన్నది. 1809 జనవరి 4న లూయీ ఆ గ్రామంలో జన్మించాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రపు జీనులు, కళ్ళేలు తయారుచేసే పనివాడు. తల్లి పేరు మోనీక్. నలుగురు సంతానంలో లూయీయే కడపటివాడు. మూడేళ్ళ వయస్సులో తండ్రి పనిచేసే కొట్టంలో ఆడుకుంటూ ఒక పదునైన పనిముట్టును చేతిలోకి తీసుకున్నాడు. అది జారి కంట్లో గుచ్చుకున్నది. గాయం చీము పట్టి, ఆ బాధ రెండవ కంటికి కూడా పాకింది. ఐదేళ్ళు నిండేసరికి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి.

ఆ రోజుల్లో పేదయింటి అంధ బాలుడికి మిగిలేది బిచ్చమెత్తుకొనే బతుకే. లూయీ తల్లిదండ్రులు అందుకు ఒప్పుకోలేదు. తండ్రి చేతికర్ర చేసి ఇచ్చి ఊరి దారులన్నీ తిరగడం నేర్పాడు. గ్రామ చర్చి గురువు పాల్వీ అతనికి చదువు ప్రారంభించాడు. ఊరి బడిపంతులు కళ్ళున్న పిల్లలతోపాటు కూర్చోబెట్టుకొని పాఠాలు వినిపించాడు. విన్నదంతా జ్ఞాపకం పెట్టుకొని బాలుడు తరగతిలో ముందు నిలిచాడు. 1819 ఫిబ్రవరి 15న, పదేళ్ళ వయస్సులో, పారిస్‌లోని రాజకీయ అంధ బాలుర విద్యాలయంలో ప్రవేశించాడు. ఇక్కడ రాజకీయమంటే రాజు పోషణలో నడిచేదని అర్థం.

ఆ విద్యాలయం కీర్తి గొప్పదే కాని భవనం మాత్రం దయనీయం. ఒకప్పుడది మతగురువుల శిక్షణాలయం. ఫ్రెంచి విప్లవ కాలంలో దానినే చెరసాలగా వాడారు. గోడలకు చెమ్మ, గదుల్లో చీకటి, గాలి ఆడని ఇరుకు. ఎన్నో సంవత్సరాలు విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఆ గాలినే పీల్చారు. క్షయ వంటి వ్యాధులు వ్యాపించడానికి అటువంటి చోటు ఎంత అనువైనదో నేటి వైద్యశాస్త్రం ఎరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

విద్యాలయ స్థాపకుడు వాలెంటిన్ హాయీ అంధులకు చదువు చెప్పవచ్చునని నిరూపించిన మహనీయుడు. మామూలు రోమన్ అక్షరాలనే దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసే పద్ధతి ఆయనది. పుస్తకాలు మోయలేనంత బరువు. ఒక్కొక్క అక్షరం ఆకారాన్నీ వేలితో చుట్టూ తడిమి తెలుసుకోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోయేవారు. పైగా ఆ పద్ధతిలో చదవడమే కాని, అంధులు తమంత తాము రాసుకొనే అవకాశం లేదు.

1821లో షార్ల్ బార్బియే అనే పూర్వ సైనికాధికారి తాను కనిపెట్టిన చుక్కల రాతను విద్యాలయానికి తెచ్చాడు. అందులో ఒక్కొక్క గుర్తుకు 12 చుక్కల దాకా ఉండేవి. అవి అక్షరాలను కాక ధ్వనులను సూచించేవి. గీతకన్నా చుక్క వేలికి తేలికగా అందుతుందన్న సత్యాన్ని లూయీ వెంటనే పసిగట్టాడు. కానీ 12 చుక్కలు వేలికొన కింద ఒక్కసారిగా ఇమడవు. స్పెల్లింగులు, విరామచిహ్నాలు, అంకెలు, సంగీత స్వరాలు రాసే ఏర్పాటూ అందులో లేదు. పగలు తరగతులు, రాత్రులు ప్రయోగాలు, సెలవులకు ఊరికి వెళ్ళినా అదే ధ్యాస. 1824 నాటికి, పదిహేనేళ్ళ ప్రాయంలో, కొత్త పద్ధతికి రూపం ఏర్పడింది.

ఆ పద్ధతి ఎంత సులువైనదో చూడండి. నిలువుగా మూడు, పక్కన మూడు, మొత్తం ఆరు చుక్కల చోటు. వేలికొన దానిని ఒక్క స్పర్శలో పట్టుకుంటుంది. చుక్కలు ఉంచడంలోను, విడిచిపెట్టడంలోను గల తేడాలతో 63 గుర్తులు ఏర్పడతాయి. మొదటి పది అక్షరాలకు పై నాలుగు చుక్కలే చాలు. వాటి కింద ఎడమవైపు ఒక చుక్క చేర్చితే తరువాతి పది అక్షరాలు వస్తాయి. పది గుర్తులు నేర్చినవాడికి ఇరవై వచ్చినట్లే. 1829లో ఈ పద్ధతిని వివరించే పుస్తకం వెలువడింది. గ్రంథకర్త వయస్సు అప్పటికి ఇరవై ఏళ్ళు.

1831లో తండ్రి మరణించాడు. తన కొడుకును ఎన్నడూ విడిచిపెట్టవద్దని కోరుతూ ఆయన తన అంతిమ దినాలలో విద్యాలయ సంచాలకుడు పీనియేకు ఉత్తరం రాయించాడు. పీనియే ఆ మాట నిలబెట్టుకున్నాడు. 1833లో లూయీ, అతని ఆప్తమిత్రులు గోత్యే, కోల్తా పూర్తి స్థాయి ఉపాధ్యాయులుగా నియమితులయ్యారు. ఆ ముగ్గురూ అంధులే. బ్రెయిలీ వ్యాకరణం, భూగోళం, గణితం, సంగీతం బోధించేవాడు. పారిస్‌లోని ఒక చర్చిలో ఆర్గాన్ వాయించే ఉద్యోగం కూడా లభించింది. చిన్న జీతం, చేతినిండా పని, చుట్టూ శిష్యులు. జీవితం ఒక గట్టున పడిందని అనుకొనే వేళకు వ్యాధి వచ్చింది.

1835 ప్రాంతంలో మొదట అలసట, ఆపైన జ్వరం, తరువాత దగ్గులో రక్తం. అది క్షయ అని తేలింది. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోక్ ప్రకటించినది 1882లో. దానిని అణచగల స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. 1835లో వైద్యులు చెప్పగలిగినది ఒక్కటే – విశ్రాంతి తీసుకో, పల్లెగాలి పీల్చు. అంటే వ్యాధి నయం కాదని, ఎంత కాలం ఉంటే అంత కాలం దానితోనే బతకాలని అర్థం. అది ఇరవై ఆరేళ్ళ యువకుడికి ఎటువంటి తీర్పో ఊహించండి.

ఇక్కడ బ్రెయిలీ చేసిన పనులను కొంచెం నిదానంగా పరిశీలించాలి. ఆయన వ్యాధిని లెక్కచేయక రాత్రింబవళ్ళు శ్రమించిన వీరుడు కాడు. అలా చేసి ఉంటే రెండేళ్ళలో రాలిపోయేవాడేమో! ఆయన తన బలానికి తగినట్లు పనిని కొలుచుకున్నాడు. వ్యాధి ముదిరిన కొద్దీ పెద్ద తరగతులను తగ్గించుకొని, గొంతుకు శ్రమ తక్కువగా ఉండే సంగీత పాఠాలకు పరిమితమయ్యాడు. ఒంట్లో బాగులేనప్పుడు మొండికేయకుండా కూవ్రేకు వెళ్ళి తల్లి దగ్గర విశ్రాంతి తీసుకొనేవాడు. కోలుకోగానే తిరిగి వచ్చేవాడు. అలా వెళ్ళడం, తిరిగి రావడం ఆయన జీవితంలో మామూలైపోయింది. వెళ్ళినందుకు సిగ్గుపడలేదు, తిరిగి రావడం మానలేదు.

తగ్గించుకున్న ఆ పనిలోనే ఎంత ఫలితం సాధించాడో చూడండి. 1837లో తన పద్ధతిని మరింత సరళంగా సవరించి రెండవ ముద్రణ వెలువరించాడు. నేడు మనకు తెలిసిన రూపం ప్రధానంగా అదే. అదే సంవత్సరం విద్యాలయం ఆ లిపిలో ఫ్రాన్సు దేశ చరిత్రను మూడు సంపుటాలుగా అచ్చువేసింది. ఇవి రెండూ రక్తం కక్కుకొనే రోగం బయటపడిన తరువాతి పనులే.

ఆ తరువాత ఆయన దృష్టి మరొక లోటుపై పడింది. చుక్కల లిపిలో అంధులు అంధులకు రాసుకోగలరు. కాని ఇంటి దగ్గర ఉన్న కళ్ళున్న తల్లికి, అన్నకు ఉత్తరం రాయాలంటే? ఆ లిపి వారికి రాదు కదా! తరచు ఊరికి దూరమై, ఆరోగ్యం గురించి ఇంటివారిని కలవరపెట్టే కొడుకుకు ఈ లోటు ఎంత బాధాకరమో మనం ఊహించవచ్చు. 1839లో ఆయన మరొక పద్ధతిని ప్రకటించాడు. మామూలు అక్షరాల ఆకారాన్నే, పది చుక్కల ఎత్తుగల గళ్ళలో, ఏ గడిలో ఏ చుక్క పొడవాలో అంకెల ద్వారా గుర్తుపెట్టుకొని రాసే విధానం అది. దానిని కళ్ళున్నవారు కళ్ళతో, అంధులు వేళ్ళతో చదవవచ్చు. చుక్క తరువాత చుక్క పొడవడం చాలా ఆలస్యమయ్యే పని. అందువల్ల అంధుడే అయిన పియెర్ ఫూకో అనే మిత్రుడు దానికొక యంత్రాన్ని నిర్మించి ఇచ్చాడు. అంధుడు తన చేతితో రాసిన జాబును కన్నతల్లి తన కంటితో చదువుకొనే భాగ్యం ఆ విధంగా కలిగింది.

శరీరం బాధపెడుతున్న ఆ కాలంలోనే మరొక దెబ్బ తగిలింది. 1840లో పీనియే పదవి పోయింది. కొత్త సంచాలకుడు ద్యుఫో చుక్కల లిపికి వ్యతిరేకి. అంధులు, కళ్ళున్నవారు ఒకే అక్షరాలు వాడాలని, ప్రత్యేక లిపి అంధులను సమాజం నుండి వేరు చేస్తుందని ఆయన వాదం. వాదంలో దురుద్దేశం లేకపోవచ్చు. కాని ఆ వాదం చేసినవారెవరూ తమ వేళ్ళతో పుస్తకం చదివినవారు కారు. విద్యాలయంలో చుక్కల రాత నిషిద్ధమైంది. తాను పదిహేనేళ్ళనాడు సృష్టించిన లిపి తన కళాశాలలోనే వెలివేతకు గురికావడం బ్రెయిలీ చూశాడు. పోట్లాడే శక్తి ఆయన ఊపిరితిత్తుల్లో లేదు. కాని విద్యార్థుల వేళ్ళు ఆ నిషేధాన్ని లెక్కచేయలేదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు రహస్యంగా నేర్పుకున్నారు. చదువుకొన్నది రాసిపెట్టుకోవడం ఒకసారి రుచి చూసిన చేతులు దానిని విడిచిపెట్టవు.

విద్యాలయ భవనం దుస్థితిని గురించి 1838లోనే కవి లామార్తీన్ ఫ్రెంచి శాసనసభలో ప్రసంగించాడు. ఫలితంగా కొత్త భవనం మంజూరై, 1843లో విద్యాలయం అందులోకి మారింది. 1844 ఫిబ్రవరి 22న ప్రారంభోత్సవం జరిగింది. ద్యుఫో సహాయకుడైన జోసెఫ్ గ్వాదే అప్పటికే చుక్కల లిపి విలువను గుర్తించి, పై అధికారి మనస్సును మార్చగలిగాడు. ఆనాటి సభలో గ్వాదే బ్రెయిలీ పద్ధతిని వివరిస్తూ ప్రసంగించాడు. తరువాత సభికులు చెప్పిన మాటలను ఒక పిల్ల చుక్కల్లో రాయగా, అంతవరకు గదిలో లేని మరొక పిల్లను పిలిపించి చదివించారు. తడబాటు లేకుండా చదివింది. సభికుల సందేహం తీరిపోయింది. ఆ సభలో బ్రెయిలీ ఉన్నాడు. అప్పటికి వ్యాధి మొదలై తొమ్మిదేళ్ళు. తొందరపడి ఆశ వదులుకొని ఉంటే ఆ రోజును ఆయన చూసి ఉండేవాడు కాదు.

చివరి సంవత్సరాలలో తరగతుల బాధ్యత విరమించుకున్నా ఆయన విద్యాలయంలోనే నివసించాడు. శక్తి ఉన్నంతవరకు పియానో పాఠాలు చెప్పాడు. మిత్రులు ఆయనను మితభాషిగా, దయాళువుగా, అవసరమైన చోట చమత్కరించగల మనిషిగా స్మరించారు. తన కొద్దిపాటి సంపాదన నుండే పేద విద్యార్థులకు సాయం చేసేవాడు. 1851 డిసెంబరులో తీవ్రంగా రక్తస్రావం జరిగి మంచం పట్టాడు. 1852 జనవరి 6న, నలభై మూడవ పుట్టినరోజు గడిచిన రెండవ నాడు, కన్నుమూశాడు. ఆయన గదిలో ఒక పెట్టె దొరికింది. దానిని తెరవకుండానే తగలబెట్టమని దాని మీద రాసి ఉన్నది. కుతూహలం కొద్దీ తెరిచి చూస్తే, విద్యార్థులు ఆయన దగ్గర తీసుకున్న అప్పుల చీటీలు కనిపించాయి. వాటిని ఆయన కోరిక ప్రకారం కాల్చివేశారు. తాను పోయిన తరువాత కూడా ఎవరూ బాకీదారులుగా మిగలకూడదని ఆ రోగి ముందే ఏర్పాటు చేసిపెట్టుకున్నాడు.

ఆయన మరణానంతరం రెండేళ్ళకు, 1854లో, ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ దానిని ఆమోదించింది. 1952లో, శతవర్ధంతి సందర్భంగా, ఆయన అస్థికలను దేశ మహనీయుల సమాధి మందిరమైన పాంథియోన్‌కు సగౌరవంగా తరలించారు. చేతులను మాత్రం కూవ్రే గ్రామంలోనే ఉంచారు. లోకానికి వెలుగిచ్చినవి ఆ చేతులే కనుక ఆ గ్రామస్థులు వాటిని వదులుకోలేదు.

మన దేశంలో భాషకొక తీరుగా ఉన్న చుక్కల లిపులన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చి 1951లో భారతీ బ్రెయిలీని ఆమోదించారు. అందులో తెలుగు క-కారానికి, ఉర్దూ కాఫ్‌కు ఒకే గుర్తు. తెలుగు మ-కారానికి, ఉర్దూ మీమ్‌కు కూడా ఒకే గుర్తు. మరొక విశేషం చూడండి. పలక మీద పుల్లతో పొడిచి రాసేటప్పుడు ఉర్దూ వలె కుడి నుండి ఎడమకు రాయాలి. కాగితం తిప్పి చదివేటప్పుడు తెలుగు వలె ఎడమ నుండి కుడికి చదవాలి. ఈ రెండు భాషల విద్యార్థులు ఒకే ప్రాంగణంలో చదువుకొనే మనకు ఈ ముచ్చట ప్రత్యేకంగా సంతోషం కలిగిస్తుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఏటేటా మన తరగతుల్లో ఉబ్బసంతో, మధుమేహంతో, మూర్ఛవ్యాధితో, కీళ్ళవాతంతో బాధపడే పిల్లలు ఉంటూనే ఉంటారు. కొందరు దానిని దాచుకుంటారు. కొందరు ఒక టర్ము పరీక్ష తప్పిందని చదువే మానుకుంటారు. వారికి బ్రెయిలీ జీవితం మూడు సంగతులు చెబుతున్నది. మొదటిది, వ్యాధి తగ్గిన తరువాత పని చేద్దామని కూర్చోకండి, బలానికి తగిన పనిని ఈ రోజే ఎంచుకోండి. రెండవది, పడిపోవడం, లేవడం రెండూ ఆ ప్రయాణంలో భాగాలే కనుక విశ్రాంతి తీసుకున్నందుకు సిగ్గుపడకండి. మూడవది, మనస్సు నీ నొప్పి చుట్టూనే తిరుగుతున్నప్పుడు మరొకరి అవసరం వైపు దానిని మళ్ళించు. బ్రెయిలీ కాలంలో క్షయకు మందు లేదు. నేడు ఉన్నది, ఆరు నెలలు క్రమంగా వాడితే చాలావరకు నయమవుతున్నది. కాబట్టి మనోధైర్యం ఉన్నదని చెప్పి మందు మానడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా వినయపూర్వకంగా ఒక మాట మనవి చేస్తాను. బ్రెయిలీ ఓర్పు ఎంత గొప్పదైనా, పీనియే ఆయన కుర్చీని ఆయనకోసం ఉంచకపోతే ఆ ఓర్పునకు కాలు మోపే చోటే ఉండేది కాదు. పని తగ్గించి, మనిషిని నిలుపుకున్న సంస్థ అది. దీర్ఘవ్యాధిగల విద్యార్థి పేరు ఎదుట హాజరు పట్టికలో ఎర్రసిరా గీత పడేముందు ఒకసారి అతని ఇంటికి కబురు పంపుదాం. మేడమెట్లు ఎక్కలేని అమ్మాయి ఉంటే ఆ తరగతిని కింది గదికి మారుద్దాం. పరీక్షనాడు మంచం పట్టిన పిల్లవాడికి మరొక రోజు ఇవ్వడానికి మార్గం వెదుకుదాం. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు. ఆరోగ్యం బాగుపడి అతడు గుమ్మంలోకి తిరిగి వచ్చినప్పుడు, అతని బెంచీ మీద అతని చోటు ఖాళీగా ఉంటే చాలు.